కూర్చునే ఉద్యోగం

జూన్ 4

చిరంజీవి తమ్ముడికి,

అరవై ఎనిమిదేళ్ళు నిండినా నిన్ను చిరంజీవి అని పిలిచే మనిషి ఒకతి ఈ భూమ్మీద మిగిలి ఉందని గుర్తు చేస్తూ, అక్క రాస్తున్న ఉత్తరం.

ఫోను ఉండగా ఈ ఉత్తరాలేమిటి, చాదస్తం కాకపోతే అని నువ్వు మరదలితో అంటూ ఉంటావని నాకు తెలుసు. ఫోన్లో అయితే నువ్వు నా మాట మధ్యలో దూరతావు. ఉత్తరంలో నా మాట పూర్తయ్యేదాకా నోరు మూసుకుని కూర్చోవాలి. అందుకే రాస్తాను.

సంగతేమిటంటే నాకు ఉద్యోగం దొరికింది. వాలుకుర్చీలోంచి లేవకుండానే చదువు, ఎలాగూ లేవవు కదా. డెబ్భై మూడేళ్ళ మనిషికి ఉద్యోగం ఎవరిచ్చారంటావా, అక్కడికే వస్తున్నాను.

కింద లాండ్రీలో నా ఇస్త్రీ బల్ల తీసేసి ఆవిరి యంత్రం పెట్టిన దగ్గర్నుంచి నేను పైన ఈ గదిలో ఊరికే ఉంటున్నాను. ఊరికే ఉన్నప్పుడు మనిషికి ఆలోచనలొస్తాయి. నాకొచ్చిన ఆలోచన ఏమిటంటే, ముసలితనంలో లాభాలుంటాయని మనకు ఒక్కరూ చెప్పలేదు. మోకాళ్ళ గురించి చెప్పారు, పళ్ళ గురించి చెప్పారు. లాభాల సంగతి మాత్రం అందరూ కూడబలుక్కున్నట్టు దాచారు. ఇంతకుముందు నేనేదైనా మొహం మీద అంటే 'నోరుగల్లది' అనేవాళ్ళు. ఇప్పుడు అదే మాట అంటే 'పెద్దావిడ చెప్పింది' అంటున్నారు. మాట మారలేదు, నోరూ మారలేదు. జుట్టు రంగు ఒక్కటే మారింది. బస్సులో నిలబడితే ఎవరో ఒకరు లేచి చోటిస్తారు. ఎవరూ లేవకపోతే ఒక్క నిట్టూర్పు విడుస్తాను, ఇద్దరు లేస్తారు. ఇంటి ఓనరు మెట్ల మీద నిలబడి నీళ్ళ గురించి సణిగేటప్పుడు మెల్లగా ఎడమ చెవి అటు తిప్పుతాను. అది పనిచేయడం మానేసి మూడేళ్ళయింది, ఆయనకు తెలియదు.

ఇవన్నీ ఎక్కడ చదివావే అంటావేమో. నా చదువు నీకు తెలిసిందే. చొక్కాలు చుట్టే పాత పేపర్లు చదివి నేర్చుకున్న చదువు. అందుకే లోకం సంగతులు నాకు సగం సగమే తెలుసు. మిగతా సగం ఎవరి చొక్కాతోనో వాళ్ళింటికి వెళ్ళిపోయింది. ఒకసారి ఓడ మునిగిన వార్త ఒకటి మంచి పట్టులో ఉండగా ఎవరో వచ్చి ప్యాంటు పట్టుకెళ్ళారు. ఆ ఓడలోవాళ్ళు బతికారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

అయ్యో, కాగితం అంచుకొచ్చేశాను. ఉద్యోగం ఏమిటంటే కూర్చోవడం. చెక్క మెట్టు మీద కుర్చీ వేసి కూర్చోబెడతారు. కదలకూడదు, మాట్లాడకూడదు. మిగతాది మళ్ళీ రాస్తాను.

చోటు చాలని
అక్క


జూన్ 11

అక్కయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చెవి గురించి ఉంది, బస్సు గురించి ఉంది, మునిగిన ఓడ గురించి ఉంది. ఉద్యోగం ఏమిటో మాత్రం లేదు. కూర్చోవడం ఉద్యోగమేమిటక్కయ్యా? ఏ దుకాణం ముందైనా కాపలాకు పెట్టారా? మాట్లాడకూడదు, కదలకూడదు అంటే నాకేదో అనుమానంగా ఉంది. నిన్ను మాట్లాడొద్దంటే నువ్వు ఒప్పుకున్నావంటేనే అనుమానంగా ఉంది.

మన వయసుకు కావలసింది వేళకింత తిండి, ఒక నీడ, ప్రశాంతత. పార్సిల్ ఆఫీసులో అన్నేళ్ళు మూటలు లెక్కపెట్టాను. రిటైరైన రోజున ఇంక చాలనుకున్నాను. ఇప్పుడు హాయిగా ఉంది. పొద్దున బీపీ మాత్ర, తర్వాత పేపరు, తర్వాత కునుకు. నువ్వూ అలా ఉండొచ్చు. వెనక గదిలోంచి ట్రంకుపెట్టెలు తీయించి వసారాలో పెట్టించాను. సున్నం వేయించాను. మంచం వేస్తే కిటికీ తెరుచుకోదు గానీ, నీకు గాలి పడదు కదా.

బావమరిది మందుల షాపుకు సరుకు కోసం వచ్చే వారం మీ ఊరు వస్తున్నాడు. నువ్వెలా ఉన్నావో ఒకసారి చూసి రమ్మన్నాను. వాడితో పేచీ పెట్టుకోకు.

నీ తమ్ముడు


జూన్ 19

తమ్ముడికి,

పని పేరు చెప్పకుండా ఉత్తరం ముగించానని దెప్పావు. సరే, ఈసారి ముందే చెప్పేస్తున్నాను. బొమ్మలు వేయడం నేర్పే బడిలో నేను మోడల్ని. నేను కూర్చుంటే పిల్లలు చుట్టూ నిలబడి నా బొమ్మ గీస్తారు. అయిపోయింది. ఇక నా ఇష్టం వచ్చినట్టు రాస్తాను.

ఆ బడిలో పరదాలు చాలా ఉంటాయని విని, ఇస్త్రీ పనేమైనా ఇస్తారేమోనని వెళ్ళాను. అక్కడి బొమ్మల టీచరమ్మ నా మాట వినకుండా నా ముఖం వంక చూస్తూ ఉండిపోయింది. మసేమైనా అంటిందేమోనని తుడుచుకున్నాను. "పరదాలు అలాగే ఉండనివ్వండి. మీరు కూర్చుంటారా?" అంది. నిలబడే అలవాటమ్మా అన్నాను. "కూర్చోవడానికే డబ్బులిస్తాం" అంది. నలభై ఏళ్ళు నిలబడి పనిచేసిన మనిషితో అనదగ్గ మాటేనా అది? ఆవిడ కాళ్ళకు దణ్ణం పెడదామనుకున్నాను గానీ, వంగితే లేవడం కష్టం.

నాకు ముందు ఒక కుర్రాడు కూర్చునేవాడట. అందగాడే. కానీ ముఖం కోడిగుడ్డులా నున్నగా ఉండేదట. గీసేవాళ్ళకు ఎక్కడా పట్టు దొరకదు. పైగా కుదురు లేదు, కాసేపటికే ఒళ్ళు విరుచుకునేవాడట. నా ముఖంలో ఎక్కడ పట్టుకున్నా పట్టు దొరుకుతుందంటున్నారు. నా నుదురు కనబడే చోటు కోసం పోట్లాడుకుంటున్నారు. ఇక కదలకుండా ఉండడమంటావా, వాళ్ళకు కదలకుండా ఉండడం కష్టం, మనకు కదలడం కష్టం. మన కష్టానికి కూలి గిట్టడం ఇదే మొదలు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. నేను కూర్చునే తింటున్నాను, కరగడం లేదు.

ఒకటి గమనించావా? నలభై ఏళ్ళు ముడతలు తీసి బతికాను. ఇప్పుడు ముడతలు చూపించి బతుకుతున్నాను. అప్పుడు బొగ్గుల పెట్టె తోసేదాన్ని, ఇప్పుడు బొగ్గు ముక్కతోనే నన్ను గీస్తున్నారు.

పనిలో పద్ధతి కూడా ఉంది. మధ్యలో టీకి లేచేముందు నా పాదాల చుట్టూ, కుర్చీ కాళ్ళ చుట్టూ సుద్దముక్కతో గీత గీస్తారు. తిరిగొచ్చి సరిగ్గా ఆ గీతల్లోనే కాళ్ళు పెట్టాలి. లేకపోతే భంగిమ మారి బొమ్మ పాడవుతుంది. రెప్ప వేయడానికి తప్ప దేనికీ అనుమతి లేదు.

అన్నట్టు మొన్న నీ బావమరిది కిటికీలోంచి తొంగిచూశాడు. చెయ్యి ఊపాడు, మళ్ళీ ఊపాడు, తర్వాత రెండు చేతులూ ఊపాడు. నేనేమో భంగిమలో ఉన్నాను. టీ వేళకు బయటికొచ్చి చూస్తే మనిషి లేడు. ఏమీ అనుకోవద్దని చెప్పు.

కుదురుగా ఉన్న
అక్క


జూన్ 20

అక్కయ్యకు,

బావమరిది నిన్న వచ్చాడు. వాడు చెప్పింది విన్నాక నాకు అన్నం సయించలేదు.

నువ్వొక పెద్ద హాల్లో ఎత్తు మీద కుర్చీలో కూర్చుని ఉన్నావట. ఉలుకూ లేదు, పలుకూ లేదట. నీ చుట్టూ జనం నిలబడి మౌనంగా చూస్తున్నారట. ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంటోందట. ఎవరో నీ కాళ్ళ చుట్టూ సుద్దతో గీత గీశారట. వీడు చెయ్యి ఊపితే గుర్తుపట్టలేదట. రెండు చేతులు ఊపినా చూపు తిప్పలేదట. వీడికి భయమేసి పరుగెత్తుకొచ్చేశాడు. పక్షవాతమే అంటున్నాడు. మందుల షాపు పెట్టి ఇన్నేళ్ళయింది, వాడికా మాత్రం తెలియదా. ఆ గీత నువ్వు దాటకుండా గీసింది కాబోలు. అదేం ఆశ్రమమో, అదేం వైద్యమో.

నేను చేయాల్సింది చేశాను. బావ పోయినప్పుడు ఒంటరి ఆడదానికి గది ఇవ్వనని ఓనరు అంటే పూచీ సంతకం పెట్టింది నేనే కదా. ఆ పూచీ వదులుకుంటున్నానని, వచ్చే నెలాఖరుకు గది ఖాళీ చేయించమని ఆయనకు రాశాను. నేనే వచ్చి నిన్ను తీసుకెళతాను.

ఈ ఉత్తరం నీకు అర్థమవుతుందో లేదో తెలియదు. అందుచేత, దీన్ని చదివి వినిపిస్తున్నవారికి ఒక మనవి. మా అక్కకు ఎడమ చెవి వినపడదు, కుడివైపు నిలబడి చదవండి. ఆవిడ సామాను జాగ్రత్త.

తమ్ముడు


జూన్ 26

ఒరేయ్ తమ్ముడూ,

చదివి వినిపిస్తున్నది నేనే. వింటున్నదీ నేనే.

నాకు పక్షవాతం వచ్చిందని ఇంటి ఓనరు చెప్తే తెలిసింది. నీ ఉత్తరం చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. నేను స్టూలు మీద నిలబడి బూజు దులుపుతున్నాను. "అయ్యో పాపం, ఎప్పుడొచ్చింది?" అన్నాడు, కింద నిలబడి నా వంక చూస్తూ. ఏమిటి వచ్చింది అన్నాను. చదివి వినిపించాడు. పక్షవాతం లేదని కళ్ళారా చూశాక ఆనందించాలా వద్దా? "అయినా పూచీ లేదు కదమ్మా, పూచీ లేకుండా ఎలా" అన్నాడు. సాయంత్రానికి గది చూసుకోవడానికి ఒక జంటను తెచ్చాడు. నేను మంచం మీద కూర్చుని ఉండగానే ఆ పిల్ల కర్టెన్ల కొలతలు తీసుకుంది.

కళ్ళు తుడుచుకున్న అమ్మాయి సంగతి రాశావు. బొగ్గు పొడి కంట్లో పడింది. అంతే. కాకి కబుర్లు పట్టుకుని అక్క కొంప ముంచావు.

నా పందొమ్మిదో తారీకు ఉత్తరం ఈపాటికి అంది ఉంటుంది. అది చదువు. చదివి, ఓనరుకు తప్పయిందని వెంటనే ఇంకో ఉత్తరం రాయి. జూలై మూడో వారంలో పిల్లల బొమ్మల ప్రదర్శన ఉంది. అందరివీ సగంలో ఉన్నాయి. ఇప్పుడు నన్ను ఊరు దాటిస్తే వాళ్ళందరి కాగితాల మీదా ముక్కు వరకే మిగులుతాను. నాకు ఈ గది కావాలి. ఈ పని కావాలి. ఇంకేమీ అడగడం లేదు.

అక్క


జూలై 1

అక్కయ్యకు,

రెండు ఉత్తరాలూ చదివాను. ఒంట్లో బాగానే ఉన్నందుకు సంతోషం. బావమరిదిని చివాట్లు పెట్టాను. రెండు చేతులు ఊపినవాడు మూడోసారి లోపలికెళ్ళి పలకరించొద్దూ అన్నాను.

కానీ అక్కయ్యా, అసలు సంగతి తెలిశాక పక్షవాతమే నయమనిపించింది. కోప్పడకు. పదిమంది ముందు ఎత్తున కూర్చుని ఒళ్ళు చూపించడమేమిటి? చేతులు కూడా గీస్తున్నారా, ఆ కాలిన మచ్చలతో? పైగా ప్రదర్శన అంటున్నావు. గోడకు వేలాడదీస్తారన్నమాట. నాన్న ముఖం, నీ ముఖం ఒకే అచ్చు. నిన్ను వేలాడదీస్తే ఆయన్ని వేలాడదీసినట్టే. మనవాళ్ళెవరైనా అటు వెళితే? నలుగురూ ఏమనుకుంటారు?

ఓనరుకు మళ్ళీ రాయను. ఆ పని మానేస్తానని మాటివ్వు, అప్పుడు రాస్తాను. లేదంటే వెనక గది సిద్ధంగా ఉంది. పెద్దతనానికి ఒక మర్యాద ఉండాలి. దాన్ని కాపాడుకోవడం మన చేతుల్లోనే ఉంది.

నీ మేలు కోరే
తమ్ముడు


జూలై 6

మేలు కోరే తమ్ముడికి,

నలుగురూ ఏమనుకుంటారని రాశావు. కూర్చుని లెక్క తీశాను. నా పాతికేళ్ళప్పుడు నేను జడ బిగించి వేసుకోలేదని వంక పెట్టిన పెదనాన్న ఉన్నాడే, పోయాడు. లాండ్రీలో పనికి కుదిరితే పరువు తక్కువని నెల రోజులు మాట్లాడని మేనత్త, పోయింది. బావ పోయాక నేను నవ్వితే ఎంచి చూసిన పక్కింటావిడ, పాపం నిరుడు పోయింది. ఇక మిగిలింది మన చిన్నత్త మొగుడు. ఆయనకు చూపు ఆనదు. బొమ్మ ముందు నిలబెట్టినా గోడ అనుకుంటాడు. ముసలితనం లాభాల్లో పెద్ద లాభం ఇదే తమ్ముడూ. మనం ఆగితే చాలు, ఆ నలుగురూ ఒక్కొక్కరే వెళ్ళిపోతారు. ఇప్పుడు వాళ్ళ ఖాళీలోకి నువ్వు ఉద్యోగానికి చేరుతున్నావు. వద్దు. అది జీతం లేని పని.

మచ్చల గురించి కూడా రాశావు. మీ వాడి పెళ్ళికి పొడుగు చేతుల జాకెట్టు కుట్టించి పంపావు, గుర్తుందా. వియ్యాలవారి ముందు చేతులు కనబడకుండా ఉండాలని. ఎండలో వేసుకుని కూర్చున్నాను. నీ ముచ్చట కాదనలేక. ఇక్కడ టీచరమ్మ మొదటి రోజునే "చేతులు కప్పకండి, వాటి కోసం ఒక వారం పడుతుంది" అంది. నలభై ఏళ్ళు జనం వచ్చి వాళ్ళ చొక్కా వంక చూసుకుని వెళ్ళారు. కాలర్ సరిగ్గా ఉందా, గుండీ ఊడిందా. ఆ చొక్కా ఇస్త్రీ చేసి చేతికిచ్చిన మనిషికి ముక్కుందో లేదో కూడా ఎవరూ చూడలేదు. నా వంక ఒకరు ఒక గంటసేపు చూడడానికి నాకు డెబ్భై మూడేళ్ళు రావాలని రాసిపెట్టి ఉంది. వచ్చాయి. ఇప్పుడు కప్పుకోమంటే ఎలా కప్పుకుంటాను?

నువ్వూ పొద్దస్తమానం కూర్చునే ఉంటావు, నేనూ కూర్చునే ఉంటాను. నీ వంక ఎవరూ చూడడం లేదని నీకు కడుపుమంట కాదు కదా? నీకు ముసలితనం ఇంకా రాలేదు, సెలవు మాత్రమే వచ్చింది. ముసలితనానికి సీనియారిటీ కావాలి.

మాట ఇవ్వను. పని మానను. నెలాఖరుకు గది పోతే పోనీ, నీ వెనక గదికి రాను. ట్రంకుపెట్టెలు మళ్ళీ లోపల పెట్టించు, వసారాలో వానకు తడుస్తాయి. నన్ను తీసుకెళ్ళడానికి వస్తే మాత్రం ఒంటరిగా రాకు. నేను బరువు ఎక్కువ. ఇద్దరు మోయాలి.

కదలని
అక్క


జూలై 25

అక్కయ్యకు,

నీకు చెప్పకుండా నేను మీ ఊరు వచ్చి వెళ్ళాను. ప్రదర్శన మొదటి రోజునే వచ్చాను. నిజానికి నిన్ను తీసుకెళ్ళడానికే బయల్దేరాను. బావమరిదిని కూడా తెచ్చాను, నువ్వన్నట్టు ఇద్దరం.

హాల్లోకి అడుగు పెడితే గోడల నిండా నువ్వే. ఒకదాంట్లో నాన్నలా ఉన్నావు. ఒకదాంట్లో నాకు తిట్లు రాయబోతున్నట్టు ఉన్నావు. ఇంకొకదాంట్లో ముక్కు కొంచెం పక్కకు పోయింది, ఆ పిల్లకు ఇంకా చేయి తిరగలేదనుకుంటాను. బావమరిది వాటన్నిటికీ నమస్కారం పెట్టుకుంటూ నడిచాడు. ఎందుకురా అంటే ఆరోజు పలకరించకుండా వచ్చేశానుగా అన్నాడు.

ఒక బొమ్మలో చేతులు మాత్రమే ఉన్నాయి. దాని ముందు కాసేపు నిలబడ్డాను. దాని గురించి ఏం రాయాలో తెలియక ఏమీ రాయడం లేదు.

పక్కన ఎవరో ఒకావిడ "ఈమె ఎవరో మీకు తెలుసా?" అని అడిగింది. చుట్టూ చూశాను, మనవాళ్ళెవరూ లేరు. మా అక్క అన్నాను. ఆవిడ నా వంక, బొమ్మ వంక మార్చి మార్చి చూసి, "అక్కా? మీరు అన్నగారేమో అనుకున్నాను" అంది. బావమరిది ఇంటికొచ్చి అందరికీ చెప్పాడు. నీ మరదలు ఇంకా నవ్వుతోంది.

నువ్వు అవతల కిటికీ దగ్గర జనంలో ఉన్నావు. ఎవరో నీకు కుర్చీ వేయబోతే వద్దని నిలబడి మాట్లాడుతున్నావు. నిన్ను తీసుకెళతానని చెప్పడానికి నోరు రాలేదు. బస్టాండుకు వచ్చేశాం.

ఇంటికి రాగానే ఓనరుకు రాశాను, తప్పు నాదేనని, పూచీ మళ్ళీ నాదేనని. గది ఆ జంటకు ఇచ్చేశానని జవాబొచ్చింది. ఇప్పుడెక్కడ ఉంటావు? ఎక్కడ చూసుకున్నా పూచీ సంతకానికి నేనొస్తాను. ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను.

తమ్ముడు


ఆగస్టు 3

తమ్ముడికి,

వచ్చి కూడా పలకరించకుండా పోయావు. బావమరిది జబ్బు నీకూ అంటింది.

నిన్ను అన్నగారనుకున్న ఆవిడను తప్పు పట్టకు. ఆ తప్పు నీ వాలుకుర్చీది. రేపటినుంచి దాంట్లోంచి లేచి వీధి చివరిదాకా నడిచి రా. తోవలో ఎవరైనా ఏమైనా అంటే మొహం మీదే సమాధానం చెప్పు. అరవై ఎనిమిది దాటాక ఎవరూ ఏమీ అనరు, ప్రయత్నించి చూడు.

గది దొరికింది. పటాలు కట్టే దుకాణం వెనక, నేల మీద గది, మెట్లు లేవు. దుకాణం నడిపే ఆవిడ ప్రదర్శనకు చట్రాలు బిగిస్తూ వారం రోజులు నా ముఖాలతోనే గడిపింది. గది అడగడానికి వెళితే, "మిమ్మల్ని కొత్తగా చూడాల్సింది ఏముందండీ, మీ పటాల అద్దాలు తుడిచి తుడిచి నా చేతులు అరిగాయి" అంది. పూచీ ఎవరని అడుగుతుందని నీ పేరు నోట్లో సిద్ధంగా పెట్టుకుని నిలబడ్డాను. అడగలేదు. నేనే ఉండబట్టలేక, పూచీ అక్కర్లేదా అన్నాను. "ఈ వయసులో మీరు అద్దె ఎగ్గొట్టి ఎక్కడికి పారిపోతారు?" అంది. పారిపోగలను, అది వేరే సంగతి. కాగితం మీద సంతకం పెట్టమంది. పెట్టాను. పక్కన ఇంకెవరి పేరూ లేకుండా నా సంతకం ఒక్కటే ఉంటే ఎంత పొడుగ్గా కనబడిందో. అవతలి అంచుదాకా పోయింది.

చేతుల బొమ్మ గురించి నువ్వు ఏమీ రాయలేదు. అది చదివాను.

కిటికీ పూర్తిగా తెరుచుకుంటుంది. గోడ అవతల దుకాణంలోంచి పొద్దున మేకులు కొట్టే చప్పుడొస్తుంది, అటు ఎడమ చెవి పెట్టుకుని పడుకుంటాను. వచ్చే నెల నుంచి సాయంత్రం తరగతికి కూడా కూర్చోమంటున్నారు. నాకు విరామం ఎక్కువ కావాలని, టీలో చక్కెర కావాలని షరతు పెట్టాను. ఒప్పుకున్నారు. బేరమాడితే ఒప్పుకుంటారని ఇన్నేళ్ళూ నాకు తెలియనే లేదు.

ఆవిడ తాళంచెవులు రెండిచ్చింది. "ఒకటి మీవాళ్ళెవరికైనా పంపండి, ఎందుకైనా మంచిది" అని సలహా చెప్పింది. ఆలోచించాను. రెండూ నా దగ్గరే పెట్టుకున్నాను. నువ్వు ఎప్పుడు రావాలనుకుంటే అప్పుడు రా. మరదల్ని తీసుకురా. వచ్చి తలుపు కొట్టు. నేను తీస్తాను.

అక్క